విద్యాపీఠమున మంత్రాలోచనము

మహాభారతకథలో ధృతరాష్ట్రునకు నీతి చెప్పినవారు పలువురు గలరు. కణికుడు చెప్పినది ఒక నీతి. విదురుడు చెప్పినది మఱియొక నీతి. ఇరువురును బుద్ధిమంతులే; ఇరువురును ఒక్క రాజునకే చెప్పిరి. ఎవరి మాట మేలైనదో ఫలితము చూచిన పిమ్మట మనకు తెలియుచున్నది గాని, వినునపుడు ఆ రాజునకు తెలియలేదు. రాజులు పోయి ప్రజాప్రభుత్వములు వచ్చినను ఈ చిక్కు తీరలేదు. నేడు సింహాసనముపై ప్రజలే యున్నారు. పన్ను లెట్లు వేయవలెను, ధరల నెట్లు అదుపు చేయవలెను, పరదేశములతో నెట్లు మెలగవలెను అను విషయములలో వారికిని, వారి ప్రతినిధులకును సలహా చెప్పువారు కోకొల్లలుగా నున్నారు.

అట్టి సలహా చెప్పుటయే పనిగా పెట్టుకొన్న సంస్థలను థింక్ టాంకు లనుచున్నారు. మన పత్రికలు మేధోమథన సంస్థలని వ్రాయుచున్నవి. వానిలో కొన్ని విశ్వవిద్యాలయముల ఆవరణలోనే వెలసినవి. విద్యాపీఠము సత్యాన్వేషణకు ఏర్పడినది. మంత్రాలోచనము కార్యసాధనకు ఏర్పడినది. ఈ రెండును ఒకే యింట కాపురము చేయగలవా? ఒకదానివలన మఱియొకదానికి కలుగు మేలేమి, కీడేమి? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు నేడు ఒక సంస్థ చరిత్రను మీకు మనవి చేసెదను.

అమెరికా సంయుక్తరాష్ట్రములలో కాలిఫోర్నియా రాష్ట్రమున, శాన్‌ఫ్రాన్సిస్కో నగరమునకు దక్షిణముగా స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయము గలదు. ఆ చుట్టుపట్ల ఊళ్లలో కంప్యూటరు పరిశ్రమ నాశ్రయించి మన తెలుగు కుటుంబములు అనేకము నివసించుచున్నవి. బిడ్డలను చూడబోయిన తల్లిదండ్రులలో పలువురు ఆ విద్యాపీఠమును చూచియే యుందురు. అక్కడ ఎఱ్ఱని పెంకుల కప్పుల నడుమ 285 అడుగుల ఎత్తున ఒక గోపురము నిలిచియున్నది. దానికి హూవరు గోపురమని పేరు. నేను చెప్పబోవు హూవరు సంస్థకు అదియే గుర్తు.

హెర్బర్టు హూవరు 1874లో అయోవా రాష్ట్రములోని ఒక చిన్న ఊర, కమ్మరి పని చేయువాని యింట జన్మించెను. పదియేండ్లు నిండకమునుపే తల్లిదండ్రు లిరువురును గతించిరి. బంధువుల యిండ్ల పెరిగి, 1891లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయము తలుపులు తెఱచినపుడు మొదటి జట్టు విద్యార్థులలో నొకడుగా చేరెను. భూగర్భశాస్త్రము చదివి 1895లో పట్టము పొంది, గనుల ఇంజనీరై ఆస్ట్రేలియాలోను చైనాలోను పని చేసి ధనవంతుడయ్యెను. 1914లో ఐరోపాలో మహాయుద్ధము మొదలగునప్పటికి లండనులో నుండెను.

జర్మను సైన్యములు బెల్జియము నాక్రమించినవి. తిండిగింజలకు పరదేశములపై ఆధారపడిన దేశమది. ఒక ప్రక్క శత్రుసైన్యము, మఱియొక ప్రక్క బ్రిటిషు నౌకాదళపు దిగ్బంధము; నడుమ ప్రజలు ఆకలితో నల్లాడిరి. వారికి ఆహారము చేర్చుటకు ఏర్పడిన సంఘమునకు హూవరు అధ్యక్షుడయ్యెను. ఉభయపక్షముల సమ్మతిని సంపాదించి, ఓడలతో ధాన్యము తెప్పించి, బెల్జియములోను ఉత్తర ఫ్రాన్సులోను సుమారు 90 లక్షలమందికి అన్నము పెట్టించెను.

ఈ పనిమీద ఆయన సముద్రముపై తఱచుగా ప్రయాణము చేయవలసి వచ్చెడిది. అట్టి ప్రయాణములో ఒకనాడు కార్నెల్ విశ్వవిద్యాలయపు మొదటి అధ్యక్షుడగు ఆండ్రూ వైటు స్వీయచరిత్ర ఆయన చేతికి వచ్చెను. ఫ్రెంచి విప్లవచరిత్రను వ్రాయబోవువారికి కలుగు కష్టమొకటి అందు చెప్పబడినది. ఆ కాలమున వీథులలో పంచిన కరపత్రములు, గోడల నంటించిన ప్రకటనలు, చిన్న చిన్న పత్రికలు నశించిపోయినవట. పెద్ద గ్రంథములు మిగులును. ప్రజలు నాడు చేతబట్టి చదివిన కాగితము మిగులదు. మనకు తెలియని సంగతి కాదు. నేడు పంచిన కరపత్రము రేపు శనగల పొట్లమగును. కాని నాటి మనుజుల భయములు, ఆశలు, అబద్ధములు ఆ కాగితములోనే యుండును.

ఆ మాట హూవరు మనస్సున నాటుకొనెను. తాను నిలిచిన చోటు సామాన్యమైనది కాదు. యుద్ధము చేయు ప్రభుత్వములన్నిటితోడను ఆయనకు పరిచయము గలదు. ఆయన మనుష్యులు దేశదేశముల తిరుగుచున్నారు. కాగితములు కూర్చుటకు ఇంతకంటె అదను దొరకదు. యుద్ధము ముగిసి, పారిసులో సంధిసభలు జరుగుచుండగా, 1919లో ఆయన స్టాన్‌ఫర్డు అధ్యక్షుడును తన స్నేహితుడును అగు రే లైమన్ విల్బరునకు తంతి పంపెను. యుద్ధపత్రముల సేకరణకు 50,000 డాలర్లు ఇత్తునని అందలి సారాంశము. చరిత్రాచార్యుడగు ఎఫ్రాయిం ఆడమ్సు పారిసునకు వచ్చి పని ప్రారంభించెను. ఇదియే సంస్థకు పుట్టుక. అప్పటికి సలహా చెప్పవలెనను తలంపు లేదు. కాగితము నశింపరాదను పట్టుదల యొక్కటే గలదు.

1921 మొదలు 1923 వఱకు రష్యాలో ఘోరమగు క్షామము వచ్చినపుడు హూవరు నడపిన సహాయసంఘమే అక్కడను అన్నము పెట్టినది. ఆ సంఘముతో కూడ ఫ్రాంకు గోల్డరను చరిత్రకారుడు వెళ్లి, విప్లవమువలన చెల్లాచెదరగుచున్న పుస్తకములను, పత్రికలను, దస్తావేజులను సేకరించెను. ఆ యత్నములవలన రష్యా చరిత్రకు కావలసిన సామగ్రి ఎంతయో కాలిఫోర్నియా తీరమునకు చేరినది.

ఇందొక చిత్రమగు కథ గలదు. రష్యా చక్రవర్తి ప్రభుత్వమునకు ఒఖ్రానా అను రహస్య పోలీసుశాఖ యుండెడిది. విదేశములలో తలదాచుకొన్న విప్లవకారులను కనిపెట్టుటకు దానికి పారిసులో ఒక కార్యాలయము గలదు. చక్రవర్తి పతనమైన పిమ్మట ఆ కాగితములు పారిసులోని రష్యా రాయబారి వాసిలీ మక్లకోవు వశమున నుండెను. వానిని తగులబెట్టితినని చెప్పి, ఆయన వానిని రహస్యముగా స్టాన్‌ఫర్డునకు పంపివేసెను. తాను బ్రతికియున్నంతవఱకు పెట్టెలు తెఱవరాదని నియమము. సంస్థవారు ఆ మాట నిలుపుకొనిరి. 1957లో మక్లకోవు మరణించిన పిమ్మటనే ఆ పెట్టెలు లోకమునకు తెఱవబడినవి. మాట నిలుపుకొని పెట్టె మూయగలుగుట, సమయము వచ్చినపుడు ఎవరికిని భయపడక దానిని తెఱవగలుగుట: ఈ రెండును భాండాగారమునకు ప్రాణములు.

ఈ నడుమ హూవరు జీవితమున గొప్ప ఎగుడును గొప్ప దిగుడును సంభవించినవి. 1929లో ఆయన సంయుక్తరాష్ట్రములకు అధ్యక్షుడయ్యెను. ఆ యేటనే ఆర్థికమాంద్యము ముంచుకొనివచ్చెను. పరదేశములలో లక్షలమందికి అన్నము పెట్టినవాడు తన దేశములో నిరుద్యోగుల ఆకలి తీర్పజాలకపోయెనను అపకీర్తి పొందెను. ఇల్లు లేనివారు రేకులతోను అట్టలతోను వేసికొన్న గుడిసెల వాడలకు జనులు ఆయన పేరే పెట్టిరి. 1932 ఎన్నికలలో ఓడి, 1933లో పదవి విడిచెను. నాటినుండి ప్రభుత్వము ఆర్థికవ్యవహారములలో మితిమీఱి జోక్యము చేసికొనరాదను తన అభిప్రాయమును ఆయన మఱింత గట్టిగా పట్టుకొనెను. సంస్థ తరువాతి నడకకు ఈ సంగతి ముఖ్యమైనది.

1941లో, విశ్వవిద్యాలయమునకు ఏబదియేండ్లు నిండిన సందర్భమున, గోపురము ప్రారంభింపబడినది. దాని శిఖరమున బెల్జియము తరపున వచ్చిన 35 గంటల వరుస అమర్చిరి. వానిలో పెద్దదానిపై, తాను శాంతికొఱకే మ్రోగుదునని లాటినులో చెక్కబడియున్నది. ఆ గంటలు మ్రోగిన సంవత్సరమే అమెరికా రెండవ మహాయుద్ధమున ప్రవేశించెను.

కాగితములు దాచుట ఒక పని. వానిని చదివి అర్థము చెప్పుట మఱియొక పని. ఆ అర్థమునుబట్టి నేడేమి చేయవలెనో చెప్పుట మూడవ పని. సంస్థ మొదటి పనినుండి మూడవదానికి మెట్టుమెట్టుగా ఎక్కెను. 1922లో అది హూవరు యుద్ధగ్రంథాలయము. 1957 నాటికి యుద్ధ విప్లవ శాంతివిషయముల హూవరు సంస్థ. 1959లో హూవరు తన ఆశయమును విశ్వవిద్యాలయ ధర్మకర్తలకు తెలియజేసెను. ఈ సంస్థ వట్టి గ్రంథాలయముగా నుండరాదు. వ్యక్తిస్వాతంత్ర్యమును, సొంత వ్యాపారమును, శాంతిని కాపాడు మార్గమును చూపుచుండవలెను. మార్క్సు సిద్ధాంతముల దోషములను వెల్లడింపవలెను అని ఆయన యభిమతము.

వెంటనే ఆచార్యులలో కలవరము పుట్టెను. ఫలిత మిట్టిదై యుండవలెనని ముందే నిర్ణయించి చేయు పరిశోధన పరిశోధన యగునా అని వా రడిగిరి. ధర్మకర్తలు మాత్రము ఆ యేటనే ఒక ఏర్పాటు చేసిరి. హూవరు సంస్థ స్టాన్‌ఫర్డు చట్రములోనే స్వతంత్రముగా నుండవలెను. దాని డైరెక్టరు విశ్వవిద్యాలయ అధ్యక్షునకును ఆయన ద్వారా ధర్మకర్తలకును జవాబుదారిగా నుండవలెను. ఉమ్మడి కుటుంబములో వేఱుపొయ్యి పెట్టుకొన్నట్లయ్యెను. ఇల్లొకటే, ఇంటిపేరొకటే, వంట మాత్రము వేఱు. అటుపిమ్మట వచ్చిన తగవు లన్నియు ఈ వేఱుపొయ్యినుండియే పుట్టినవి.

1960లో డైరెక్టరైన గ్లెన్ క్యాంప్‌బెల్ అను ఆర్థికశాస్త్రవేత్త 1989 వఱకు ఆ పదవిలో నుండి, గ్రంథాలయమును మేధోమథన సంస్థగా మార్చెను. దాతలనుండి విరాళములు సేకరించి, పేరొందిన పండితులను రప్పించెను. 1976లో నోబెల్ బహుమానము పొందిన మిల్టన్ ఫ్రీడ్మన్ మఱుసటి సంవత్సరము అచ్చట చేరి, 2006లో మరణించువఱకు నుండెను. రష్యానుండి వెడలగొట్టబడిన సోల్జెనిత్సిను 1975, 1976 సంవత్సరములలో వచ్చి, తన దేశములో చూడ వీలులేని 1917 నాటి విప్లవపత్రములను ఇక్కడ చదివెను. పోగొట్టుకొన్న దేశపు కాగితములు పరదేశమున దొరకుట! వైటు గ్రంథమును చదివి హూవరు తలచిన తలంపు ఎంత దూరము ఫలించెనో ఇందువలన తెలియును.

ఇక ఇట్టి సంస్థ సలహాను ఎట్లు తయారుచేయును? పండితులకు అక్కడ సభ్యత్వ మిత్తురు. కొందఱు విశ్వవిద్యాలయ శాఖలలో ఆచార్యులుగాను నుందురు. కొందఱికి బోధనభారము లేదు. వారు గ్రంథములు వ్రాయుదురు. పత్రికలలో వ్యాసములు ప్రకటింతురు. చట్టసభల సంఘముల యెదుట సాక్ష్యము చెప్పుదురు. పిలుపు వచ్చినయెడల ప్రభుత్వమున కొలువు చేసి, పిమ్మట తిరిగి వత్తురు.

రెండు ఉదాహరణములు చాలును. రాబర్టు హాలు, ఆల్విన్ రబుష్కా అను ఇరువురు సభ్యులు 1981లో ఆదాయపు పన్నును గూర్చి ఒక సూచన చేసిరి. పన్ను శ్రేణులు, మినహాయింపులు పెక్కులైనకొలది సామాన్యుడు చిక్కులపాలగును, నేర్పరి తప్పించుకొనును. కావున కొంత ఆదాయము విడిచి తక్కినదానిపై అందఱికిని ఒకే రేటు పెట్టవలెనని వారి వాదము. అమెరికా దానిని అంగీకరింపలేదు. కాని 1994లో ఎస్టోనియా, 2001లో నూటికి 13 చొప్పున రష్యా ఒకే రేటు పన్నును తెచ్చినవి. ధనికునకు భారము తగ్గి, ఆ లోటు నడిమి తరగతివానిపై పడునని విమర్శించినవారును గలరు.

రెండవది జాన్ టేలరు సూత్రము. కేంద్రబ్యాంకి వడ్డీరేటును ఎప్పుడెంత మార్చవలెనో 1993లో ఈ ఆచార్యుడు లెక్కకట్టి చూపెను. ధరల పెరుగుదల నూటికొకటి హెచ్చినయెడల, వడ్డీని నూటికి ఒకటిన్నర హెచ్చింపవలెనని ఆ సూత్రములో నొక భాగము. వడ్డీ పెరుగుదల ధరల పెరుగుదలకంటె వెనుకబడినచో ధరలు లొంగవని దాని భావము. నేడు పలుదేశముల కేంద్రబ్యాంకులు ఈ సూత్రము నొక కొలబద్దగా చూచుచున్నవి. ఈ రెండు ఉదాహరణములలో నొక భేదమును గమనింపుడు. టేలరు సూత్రమును ఎవరైనను పాతలెక్కలతో సరిచూచుకొనవచ్చును. పన్ను విషయమున లెక్కతోపాటు న్యాయమేది యను ప్రశ్నయు గలదు. దానిని లెక్క తీర్పజాలదు.

ఇప్పుడు తగవుల సంగతి. కాలిఫోర్నియా గవర్నరు పదవి నుండి దిగిన రొనాల్డ్ రేగనును 1975లో సంస్థ గౌరవసభ్యునిగా చేసికొనెను. 1981లో ఆయన అధ్యక్షుడు కాగా, సంస్థ పండితులు పలువురు ఆయనకు సలహాదారులైరి. సంస్థ పలుకుబడి మిన్నుముట్టెను. ఆచార్యుల అనుమానమును అంతే పెరిగెను. రేగను పత్రముల గ్రంథాలయమును స్టాన్‌ఫర్డులో కట్టవలెనను ప్రయత్నము ఏండ్ల తరబడి వాదములకు గుఱియై, 1987లో విరమింపబడినది. ఆ గ్రంథాలయము 1991లో దక్షిణ కాలిఫోర్నియాలోని సీమీ వ్యాలీలో వెలసెను. 2007లో ఇరాకు యుద్ధకాలపు రక్షణమంత్రి డొనాల్డ్ రమ్స్‌ఫెల్డును అతిథిసభ్యునిగా పిలిచినపుడు వేలకొలది సంతకములతో నిరసనపత్రము బయలుదేఱెను.

అన్నిటికంటె తీవ్రమైనది 2020 నాటి వివాదము. కోవిడు మహమ్మారి కాలమున సంస్థ సభ్యుడగు స్కాట్ అట్లాస్ అధ్యక్షుడు ట్రంపునకు సలహాదారుడయ్యెను. ఆయన ఎక్స్‌రే వైద్యశాఖలో నిపుణుడు, అంటువ్యాధుల శాస్త్రజ్ఞుడు కాడు. మాస్కుల విషయమునను, ఆంక్షల విషయమునను ఆయన చెప్పిన మాటలు ప్రజారోగ్యమునకు హానికరములని ఆ యేటి నవంబరులో స్టాన్‌ఫర్డు ఆచార్యసభ అధికసంఖ్యతో ఖండించెను. నూటికి 85 ఓట్లు ఆ తీర్మానమునకు వచ్చినవి. ఆంక్షలవలన జనులకు కలుగు నష్టమునే తాను చెప్పితినని ఆయన వాదించెను. ఆ అభిప్రాయములు ఆయన సొంతమని విశ్వవిద్యాలయాధికారులు ప్రకటించిరి.

ఈ వాదములో ఉభయపక్షములకును బలము గలదు. ఆచార్యు లిట్లందురు: సలహాదారుని పేరుప్రక్కన స్టాన్‌ఫర్డు పేరున్నది, ఆ పేరును చూచి లోకము నమ్ముచున్నది, ఆ నమ్మకము ప్రయోగశాలలలోను తరగతులలోను మేము సంపాదించినది, దానిని మా పరీక్షకు నిలువని మాటకు వాడుకొనుట న్యాయమా? సంస్థవా రిట్లందురు: విద్యాపీఠమున అందఱును ఒకే త్రోవ నాలోచించునపుడు, వేఱుత్రోవ నాలోచించువారు కొందఱుండుట మేలు గాదా? నచ్చిన మాటకే స్వాతంత్ర్య మిచ్చినయెడల అది స్వాతంత్ర్యమగునా?

కొండొలీజా రైసు 2020 సెప్టెంబరులో సంస్థకు డైరెక్టరయ్యెను. ఆమె పూర్వము స్టాన్‌ఫర్డులో ఉన్నతాధికారిణిగా నుండి, 2005 నుండి 2009 వఱకు దేశమునకు విదేశాంగమంత్రిణిగా పని చేసెను. 2021లో ఆచార్యసభ యెదుట ఈ సంబంధము చర్చకు వచ్చినపుడు తెగతెంపులు జరుగలేదు. సహకారమును పెంచుకొనవలెననుటయే తుదిమాట యయ్యెను. వేఱుపొయ్యి అట్లే యున్నది. నడుమ గోడకు ద్వారము మఱికొంత వెడల్పు చేయవలెనని తలంచిరి.

నా మనవి యొక్కటి. సంస్థ గౌరవమును నిలుపునది గోపురశిఖరమున చెప్పు సలహా కాదు. దాని అడుగున దాచిన కాగితము. సలహాలు వచ్చును, పోవును. కొన్ని ఫలించును, కొన్ని వికటించును. ఏది వికటించినదో తెలిసికొనుటకు కాగితము కావలెను. ఆ భాండాగారము పరిశోధకు లెవరు వచ్చినను తెఱచియుండును. సంస్థ అభిప్రాయమును ఖండించు గ్రంథమును వ్రాయువాడును ఆ బల్లయొద్దనే కూర్చుండి ఆ పెట్టెలనే తెఱపించుకొనవచ్చును. తన మాటను పరీక్షించుటకు తన యింటిలోనే సాక్ష్యమును దాచి ఇతరులకు చూపు సలహాదారునకు కొంత మర్యాద చెల్లవలెను.

ఆ సాక్ష్యముపై హక్కెవరిదను ప్రశ్నయు గలదు. సద్దాం హుసేను పతనమైన పిమ్మట ఇరాకునుండి తరలింపబడిన బాతు పార్టీ దస్తావేజులు, లక్షలాది పుటలు, హూవరు సంస్థలో నుండెను. ఒక జాతి కన్నీటి కాగితములు పరదేశమున నుండుట తగదని పలువురు వాదించిరి. 2020లో మూలపత్రములు ఇరాకునకు తిరిగి పోయినవి. ప్రతులు పరిశోధకులకై నిలిచినవి. చియాంగ్ కై షేకు దినచర్యలును అట్లే ఏండ్లకొలది అక్కడ నుండి, న్యాయస్థానపు తీర్పు పిమ్మట 2023లో తైవానునకు చేరినవి. దాచుట యెంత ధర్మమో, అడిగినపుడు అప్పగించుటయు అంత ధర్మము.

రేడియో మాట గాలిలో కలిసిపోవునందురు గదా! తూర్పు ఐరోపాకు మునిఖు నగరమునుండి ఏండ్లకొలది ప్రసారములు చేసిన రేడియో ఫ్రీ యూరపు కాగితములు, ధ్వనిముద్రలును ఆ భాండాగారములోనే యున్నవి. నాడు మైక్రోఫోను ముందు పలికినవారు ఏది నిజము చెప్పిరో, ఏది తప్పు చెప్పిరో నేడు పరిశీలింపవచ్చును. ఈ సంగతి తలచినపుడు నా బోంట్లకు నోరు కొంచెము అదుపులో నుండును.

శ్రోతలారా, ఇకమీదట ఏ సంస్థవారైనను మనకు విధానము బోధించునపుడు మూడు ప్రశ్న లడుగుదము. చెప్పువా రెవరు, ఆ విషయమున వారికిగల పాండిత్య మేమి? వారిని పోషించు ధన మెవరిది? వారి లెక్కలను, కాగితములను మనకు చూపుదురా? మూడవదానికి ఔనని సమాధానము వచ్చిననాడు తక్కిన రెండింటిని మనమే తేల్చుకొనగలము.

ఈ పని కోట్ల డాలర్లున్నవారికే గాదు. హూవరు తంతి పంపుటకు ఒక సంవత్సరము ముందే, 1918లో, మన వేటపాలెమున సారస్వత నికేతనము వెలసినది. నాటి తెలుగు పత్రికలకొఱకు పరిశోధకులు నేటికిని అక్కడికి పోవుచున్నారు. మన పంచాయతీల తీర్మానపుస్తకములు, సహకారసంఘముల జమాఖర్చులు, ఎన్నికలనాడు ఇంటింట పంచిన వాగ్దానపత్రములు పొట్లములకు పోక, ఊరి గ్రంథాలయమున నొక బీరువాలో చేరినచో చాలును. అయిదేండ్ల తరువాత ఓటడుగ వచ్చినవానికి ఆ బీరువాను తెఱచి చూపవచ్చును. కణికు డెవడో, విదురు డెవడో తెలిసికొనుటకు ప్రజలనెడు రాజునకు అంతకుమించిన కన్ను లేదు.